తీగ దారి ఎవరు నిర్ణయించాలి?

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తార్‌బహార్ మన సభ్యులలో చాలామంది ఎరిగిన పేటయే. హిందీలో తార్ అనగా తీగ, బాహర్ అనగా వెలుపల. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర జిల్లాల కార్మికులు కుటుంబాలతో సహా ఈ పట్టణానికి వలస వచ్చారు. ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసినవాడు పట్టణపు అంచుననో, సమీప గ్రామంలోనో నాలుగు గజాల స్థలం కొని ఇల్లు కట్టుకోవాలని చూస్తాడు. జీవితమంతా దాచుకున్న ప్రావిడెంట్ ఫండు సొమ్ము ఆ స్థలంలోనే ఉంటుంది. ఆ స్థలం మీదుగా రేపు హైటెన్షన్ లైను పోతుందా లేదా అన్నది అతనికి ముందుగా చెప్పే నాథుడు లేడు. మేము చర్చించదలచినది ఈ విషయమే.

బిలాస్‌పూర్ చుట్టుపట్ల నేల బొగ్గు నేల. కోర్బాలో 2600 మెగావాట్ల కేంద్రం, సీపత్‌లో 2980 మెగావాట్ల కేంద్రం, జాంజ్‌గీర్–చాంపా జిల్లా మార్వాలో వెయ్యి మెగావాట్ల కేంద్రం ఉన్నాయి. ఇంత కరెంటు ఇక్కడే ఖర్చు కాదు. చాంపా నుండి కురుక్షేత్రకు, రాయగఢ్ నుండి తమిళనాడులోని పుగళూరుకు 800 కిలోవోల్టుల డి.సి. లైన్లు నిర్మించారు. వీటిలో రెండవదాని పొడవు 1700 కిలోమీటర్లకు పైగా ఉన్నది. మార్వా విద్యుత్తు వార్ధా–మహేశ్వరం 765 కిలోవోల్టుల లైను మీదుగా తెలంగాణకు చేరింది. తెలుగువాడు బొగ్గు రైలును నడిపిన చోటి నుండే తెలుగునేలకు కరెంటు వెళ్లిందన్న మాట.

లైన్లు వద్దని మేము అనడం లేదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు భారతాలలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు వందలాది రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ రెండు రోజులు స్టేషన్లలో ప్రయాణికులకు జవాబు చెప్పుకున్నది మన సోదరులే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసిన తరువాతనే దక్షిణాది కరెంటు కొరత తీరడానికి దారి ఏర్పడింది. 2032 నాటికి ప్రసార వ్యవస్థకు 9 లక్షల 15 వేల కోట్ల రూపాయలు కావాలని, లక్షా తొంభై వేల సర్క్యూట్ కిలోమీటర్లకు పైగా కొత్త లైన్లు అవసరమని కేంద్ర ప్రణాళిక చెబుతున్నది. అవసరమే కావచ్చు. కాని అంత పొడవైన తీగ ఎవరి పొలం మీదుగా పోవాలో ఎవరిని అడిగి నిర్ణయిస్తారు?

చట్టం చెప్పే జవాబు విచిత్రమైనది. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ కింద ప్రభుత్వం లైను నిర్మాతకు టెలిగ్రాఫ్ అధికారి అధికారాలను కట్టబెట్టగలదు. అవి 1885లో తెల్లదొరలు తమ తంతి తీగల కోసం రాసుకున్న అధికారాలు. 2023లో టెలికమ్యూనికేషన్ల కొత్త చట్టం తెచ్చినవారు కూడా విద్యుత్ లైన్ల విషయంలో ఆ పాత భాగాన్ని పదిలంగా నిలబెట్టారు. ఆ అధికారాలు చేజిక్కిన తరువాత భూయజమాని అంగీకారం అవసరం లేదు. అతడు అడ్డుపడితే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు, పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి వద్దకు వెళ్లమంటారు. 2006 నాటి నియమాలు యజమాని అనుమతి కావాలంటాయి, అయితే 164వ సెక్షన్ అధికారాలకు అవి వర్తించవని వాటిలోనే రాసి ఉన్నది. 2016 డిసెంబరులో సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్థిరపరచింది. అంతటి కంపెనీకే చెల్లని అభ్యంతరం, రెండెకరాల రైతుకు ఏమి చెల్లుతుంది?

పర్యావరణ అనుమతుల కోసం 2006లో వెలువడిన నోటిఫికేషన్ జాబితాలో విద్యుత్ ప్రసార లైన్లు లేవు, కనుక బహిరంగ విచారణ లేదు. అడవి భూములకైనా గ్రామసభ అనుమతి ఉన్నదా అంటే, 2013 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సర్క్యులరు ద్వారా రోడ్లు, కాలువలు, లైన్ల వంటి వాటిని చాలావరకు ఆ నిబంధన నుండి తప్పించింది. ఎడారి రాష్ట్రాలలో బట్టమేక పిట్ట కోసం సుప్రీంకోర్టు 2021లో లైన్లను భూగర్భంలో వేయమన్నది, 2024లో ఆ ఉత్తర్వును సవరించింది. పిట్ట గోడు విన్నందుకు మాకు ఆక్షేపణ లేదు. మనిషి గోడు వినే వేదిక ఏదని మాత్రమే అడుగుతున్నాము.

వేదికలు నడపడం ఈ దేశానికి చేతకాదనడానికి లేదు. 2015 సెప్టెంబరులో తెలంగాణ పంపిణీ సంస్థలు మార్వా నుండి వెయ్యి మెగావాట్లు కొనేందుకు ఒప్పందం చేసుకున్నాయి. దానిపై రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపింది. ఇంజనీరు కె. రఘు వంటివారు ఆ కరెంటు ఖరీదైనదని అంకెలతో సహా వాదించారు. ఆ మాట నాడు నెగ్గలేదు గాని, రికార్డులోకి ఎక్కింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం అదే ఒప్పందంపై విచారణ సంఘాన్ని నియమించింది. యూనిట్ ధర మీద ఏ పౌరుడైనా లేచి నిలబడి మాట్లాడవచ్చు, ఆ యూనిట్‌ను మోసుకొచ్చే తీగ దారి మీద మాట్లాడరాదు. ఇందులోని న్యాయం మాకు బోధపడడం లేదు.

765 కిలోవోల్టుల డబుల్ సర్క్యూట్ లైనుకు 67 మీటర్ల వెడల్పు దారి కావాలి. కిలోమీటరు పొడవుకు అది సుమారు పదహారున్నర ఎకరాలు. భూమి రైతు పేరనే ఉంటుంది, శిస్తు అతడే కడతాడు, కాని అందులో ఇల్లు లేవదు, కొబ్బరిచెట్టు ఎదగదు, బ్యాంకు అప్పు సులభంగా పుట్టదు. టవరు అడుగున ఉన్న నేలకు విలువలో 85 శాతం, కారిడారుకు 15 శాతానికి మించకుండా ఇమ్మని 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచింది. పెంపు మంచిదే. అయితే ఇవి మార్గదర్శకాలే, అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నది. రిజిస్ట్రేషన్ విలువకు, బజారు ధరకు గల తేడా తార్‌బహార్‌లో స్థలం కొన్న ఏ రిటైర్డు గ్యాంగ్‌మన్‌ను అడిగినా చెబుతాడు.

ప్రజలను అడిగితే పని ఆలస్యమవుతుందని అధికారుల వాదన. అడగనందువల్ల కలిగిన ఆలస్యం సంగతేమిటి? 2018 డిసెంబరులో పశ్చిమ తమిళనాడు రైతులు హైటెన్షన్ టవర్లకు వ్యతిరేకంగా నిరాహారదీక్షలకు దిగారు. జర్మనీలో ఉత్తరం నుండి దక్షిణానికి వేయదలచిన లైను మీద ఊళ్లు తిరగబడగా, 2015లో చట్టం మార్చి కేబులును భూమిలో వేయవలసివచ్చింది. ఖర్చు పెరిగింది, 2022లో పూర్తి కావలసినది ఏళ్లు వెనక్కి జరిగింది. మొదటే దారి మార్చి ఉంటే ఎంత మిగిలేదో వారే లెక్క చూసుకోవాలి.

ఇందులో కార్మికుని మాట కూడా ఉన్నది. నేడు చాలా లైన్లు వేలంలో తక్కువ చార్జీ కోరిన సంస్థకు దక్కుతున్నాయి. ఆ సంస్థ కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకు పని అప్పగిస్తాడు. చివరికి పొలంలో దిగేది పరాయి రాష్ట్రం నుండి వచ్చిన దినకూలీ. దారి గీసిన అధికారి అక్కడ ఉండడు. పచ్చని వరిలో గొయ్యి తీయించినందుకు రైతు ఆగ్రహం ఆ కూలీ మీద పడుతుంది. కూలీకీ రైతుకూ మధ్య పోలీసును నిలబెట్టి లైను లాగడాన్ని ప్రణాళిక అనడానికి మేము సిద్ధంగా లేము.

టెండరు పిలవకముందే కనీసం రెండు మూడు ప్రత్యామ్నాయ మార్గాల పటాలను సర్వే నంబర్లతో సహా ప్రతి పంచాయతీలో, మునిసిపల్ వార్డులో అంటించాలి. చదివి వినిపించాలి, బిలాస్‌పూర్ వంటి చోట హిందీతో పాటు తెలుగులో కూడా. బహిరంగ విచారణలో వచ్చిన ప్రతి అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఆ తరువాతనే 164వ సెక్షన్ ఉత్తర్వు రావాలి. దీనికై చట్ట సవరణ కోరుతూ మన సమాఖ్య ఇతర కార్మిక, రైతు సంఘాలతో కలిసి కృషి చేయవలసి ఉన్నది.

అంతవరకు ఉన్న సందునైనా వాడుకోవాలి. ప్రసార లైసెన్సు కోరేవారు దరఖాస్తు చేసిన ఏడు రోజులలో ప్రకటన వేయాలని, ముప్పై రోజులలోగా అందిన అభ్యంతరాలను పరిశీలించాకనే లైసెన్సు ఇవ్వాలని 15వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. లైను పోయే గ్రామాల పేర్లు పత్రికల లోపలి పేజీలలో చిన్న అక్షరాలతో అచ్చవుతాయి. ప్రతి శాఖా కార్యాలయంలో ఒకరు ఆ ప్రకటనలను ప్రతిదినం చూసి, తమ ప్రాంతపు గ్రామం కనిపించిన నాడే ఆ ఊరికి కబురు పంపి, గడువులోగా అభ్యంతరం దాఖలు చేయించాలని, దాని నకలు సమాఖ్య కార్యాలయానికి పంపాలని కోరుతున్నాము.