పనిచేస్తే తెలివేనా?

యంత్రాల తెలివి గురించి మాట్లాడేవాళ్ళు ఇష్టంగా చెప్పే చిప్ కథ ఒకటుంది. కథ నిజమే. దాన్నుంచి వాళ్ళు తీసే నీతితోనే నా పేచీ.

1996లో ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకుడు ఏడ్రియన్ థాంప్సన్ ఒక ఎఫ్‌పీజీఏ తీసుకున్నాడు. అంటే లోపలి కనెక్షన్లని కావలసినప్పుడల్లా మార్చుకోగలిగే చిప్. అందులో ఓ మూలనున్న 100 సెల్స్ మాత్రమే వాడాలి. పని: 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్ సంకేతాలని విడివిడిగా గుర్తుపట్టడం. సర్క్యూట్ ఆయన గియ్యలేదు. ఎలా పడితే అలా ఉన్న 50 అమరికలతో మొదలుపెట్టి, ప్రోగ్రాంతో మార్కులు వేయించి, మంచివాటిని కలిపి, అక్కడక్కడా మార్చి, మళ్ళీ మార్కులు వేయించాడు. సుమారు 5 వేల తరాలు నడిచిన ఆ ప్రయోగంలో పని కుదిరింది. లోపల చూస్తే వింత. సమయం కొలవడానికి క్లాక్ లేదు. అవుట్‌పుట్‌తో ఏ కనెక్షనూ లేని సెల్స్ కొన్ని ఉన్నాయి, పనికిరానివే కదా అని వాటిని తీసేస్తే సర్క్యూట్ తడబడుతోంది.

"చూశారా, మనిషికి అందని తెలివి!" అంటారు. అదే చిప్‌లో పక్కకి జరిపితే దాని పనితీరు తగ్గింది. అలవాటైన వేడి దాటినా తగ్గింది. ఆ ఒక్క సిలికాన్ ముక్క గుణాలు దానికి కలిసొచ్చాయి, అంతే.

2002లో జాన్ బర్డ్, పాల్ లేజెల్ ప్రచురించిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆసిలేటర్ కావాలని అడిగితే, ఓ సర్క్యూట్ దగ్గర్లోని కంప్యూటర్ నుంచొచ్చే రేడియో తరంగాలని పట్టుకుని వాటినే పెంచి చూపించింది. మన భాషలో, పక్కోడి పేపర్లో చూసి రాసింది. మార్కులు వేసే ప్రోగ్రాంకి ఆ తేడా తెలీదు.

ఇది తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పాలా? నాయుడుపేట నుంచి తిరుపతి దాకా ఎంసెట్ ర్యాంకు కోసం పెరిగినవాళ్ళం మేం. ఇంటిగ్రేషన్ అంటే ఏంటో తెలియకుండానే, ఇచ్చిన నాలుగు ఆప్షన్లని డిఫరెన్షియేట్ చేసి జవాబు పట్టేసేవాళ్ళు మా క్లాసులో బోలెడుమంది. వాళ్ళకి తెలివి లేదనట్లేదు. ర్యాంకు కొలిచింది ఆ తెలివిని కాదంటున్నాను.

మనిషి మెదడు కూడా గుడ్డి ఎంపికలోంచే వచ్చింది కదా అనొచ్చు. నిజమే. యంత్రానికి తెలివి ఎప్పటికీ రాదని నేననను. ఈ పద్ధతి పనికిరాదనీ అనను. 2006లో నాసా ఎస్‌టీ5 ఉపగ్రహాలు ఇలా పుట్టిన యాంటెన్నాతోనే పైకెళ్ళాయి. కానీ మనకి అర్థం కాకపోవడం దాని తెలివికి సాక్ష్యం ఎలా అవుతుంది?

ఇంకో దారి కూడా ఉంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి పేరు మా వైపు అందరికీ తెలుసు. ఆ పని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 1970లలో కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం మాటల్ని గుర్తుపట్టే హియర్‌సే-2ని కట్టింది. అందులో ధ్వని గురించి తెలిసిన భాగం, పదాల గురించి తెలిసిన భాగం, వాక్యం గురించి తెలిసిన భాగం తమతమ ఊహల్ని ఒకే నల్లబల్ల మీద రాసేవి. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో ఆ బల్ల చూసి వెతకొచ్చు.

ఈ తేడా కబుర్లకి మాత్రమే పనికొచ్చేది కాదు. రేపు ఓ రైతుకి లోను ఇవ్వకూడదని ప్రోగ్రాం తేల్చిందనుకోండి. "దాని తెలివి మనకి అందదు" అనే మాట అక్కడ కౌంటర్ వెనకున్న ఆఫీసరుకి ఎంత సుఖమో ఆలోచించండి! ఆ మాటని ముందుగా తయారుచేసి పెడుతున్నది మన వ్యాసాలే. దేనికి ఎన్ని మార్కులో నిర్ణయించింది మాత్రం మనిషే, చాలాసార్లు నాలాంటి ఇంజనీరే. ఆ రైతు నిలదీయాల్సింది మమ్మల్ని. యంత్రాన్ని పొగిడే ఉత్సాహంలో ఆ ప్రశ్నని మింగెయ్యకండి.