బొమ్మ రీల్లో... పాట సీడీలో!

హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లు వెళితే జహీరాబాద్. రీళ్ల కాలంలో ఇలాంటి ఊళ్లలో కొత్త సినిమా అంటే హాలు దగ్గర మొదటి ప్రశ్న ఒకటే... 'బాక్సు వచ్చిందా?' పెద్ద నగరంలో వారాల తరబడి ఆడిన ప్రింటే చాలాసార్లు చిన్న ఊరికి చేరేది. అప్పటికే ఫిల్ము మీద గీతలు పడి ఉండేవి. శబ్దాన్ని కూడా ఆ ఫిల్ము అంచునే సన్నటి చారగా ముద్రించేవారు కాబట్టి బొమ్మతోపాటు అదీ అరిగేది. పాటలో గరగర, మాటలో బొంగురు. టిక్కెట్టు కొన్నది అదే సినిమాకు... విన్నది మాత్రం అరిగిపోయిన సినిమా!

1990ల చివర్లో తెలుగునాట హాళ్ల ముందు 'డీటీఎస్' అనే బోర్డులు వెలిశాయి. 1993లో 'జురాసిక్ పార్క్'తో ప్రపంచానికి పరిచయమైన పద్ధతి అది. రీళ్ల బాక్సులో ఇప్పుడు సీడీలు కూడా వచ్చేవి. శబ్దం ఫిల్ము మీంచి దిగి సీడీలోకి ఎక్కింది. సీడీని తాకేది కాంతి మాత్రమే. ఎన్ని ఆటలు ఆడినా అరగదు. హైదరాబాద్‌లో మొదటి ఆట చూసినవారు విన్నదే, చిన్న ఊళ్లో వందో ఆట చూసినవారూ వినొచ్చు.

అంతా బాగానే ఉంది. కానీ బొమ్మ ఒక యంత్రంలో, శబ్దం మరో యంత్రంలో ఉంటే నాయకుడి పెదవి కదిలిన క్షణానికే మాట పలకడం ఎలా?

చుక్కలు చెప్పే లెక్క

ఫిల్ము మీద బొమ్మకూ, పాత శబ్దపు చారకూ మధ్య చిన్న చిన్న గీతల వరుస ఒకటి ముద్రించేవారు. అదే టైమ్‌కోడ్. ఇది ఏ సినిమా, ఎన్నో రీలు, అందులో ఎన్నో బొమ్మ... అన్నీ అందులోనే ఉంటాయి. ప్రొజెక్టరు దగ్గరి చిన్న దీపం దాన్ని చదివి చెబుతుంటే సీడీ యంత్రం ఆ బొమ్మకు తగిన శబ్దాన్ని తీసి ఇస్తుంది. ఫిల్ము తెగి, ఆపరేటరు రెండు మూడు బొమ్మలు కత్తిరించి అతికించాడనుకోండి. అంతమేరకు శబ్దమూ ముందుకు దూకుతుంది. పొరపాటున వేరే సినిమా సీడీ పెడితే? నంబరు కలవదు. యంత్రం మారు మాట్లాడకుండా పాత చారలోని శబ్దానికే మళ్లుతుంది.

1926లో అమెరికాలో వచ్చిన వైటాఫోన్ పద్ధతిలోనూ శబ్దం గ్రామఫోన్ రికార్డులోనే ఉండేది. కానీ దానికి ఈ గీతల భాష లేదు. ఫిల్ము ఒకచోట తెగిందంటే ఆ రీలు అయ్యేదాకా మాట ఒక దారి, పెదవి ఒక దారి!

తనంతట తానే వాయించే పియానో

ఇదే ఆటను ఇంకాస్త కష్టంగా ఆడేది పియానో. మనిషి లేకుండానే మోగే పియానోలు 1890ల నాటికే ఉన్నాయి. అప్పట్లో కాగితపు చుట్టకు పెట్టిన చిల్లులే వాటికి స్వరలిపి. 1980ల్లో యమహా సంస్థ డిస్క్‌లావియర్ తెచ్చింది. ఇందులో ఒక్కో మెట్టు కదలడానికి ఒక్కో విద్యుదయస్కాంతం ఉంటుంది. ఇలాంటి పియానో సీడీలోని గాయకుడికి పక్కవాద్యం వాయించాలంటే తేలికైన దారి ఒకటుంది. సీడీలో రెండు చానళ్లు కదా... ఒకదాంట్లో పాట, రెండోదాంట్లో మెట్లకు ఆదేశాలు నింపడమే. ఆ సీడీని మామూలు ప్లేయర్‌లో పెడితే ఒక స్పీకర్లో పాట, ఇంకోదాంట్లో కీచుమనే గోల!

దాంతో పాట స్టీరియో పోతుంది. అందుకే రెండో దారి. బజారులో కొన్న మామూలు సీడీనే పెడతారు. ఆదేశాలు విడిగా ఫ్లాపీలోనో, యంత్రం జ్ఞాపకంలోనో ఉంటాయి. చిక్కంతా ఇక్కడే. సినిమా ఫిల్ము తన నంబరు తానే చెబుతుంది. మామూలు ఆడియో సీడీల్లో చాలావాటికి పేరు చెప్పే అలవాటే లేదు.

అయినా ప్రతి సీడీలో లోపలి అంచున ఒక విషయసూచిక ఉంటుంది. ఎన్ని పాటలు, ఏ పాట ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో, సెకనులో 75వ వంతు ఎన్నిటి దగ్గర మొదలవుతుందన్నది అందులో ఉంటుంది. రెండు ఆల్బముల్లో ఈ లెక్కలన్నీ ఒకటే కావడం చాలా అరుదు. కాబట్టి ఆ అంకెలే దాని వేలిముద్ర. 1993లో మొదలైన సీడీడీబీ సాయంతో కంప్యూటర్లు సీడీ పేరు చూపించిందీ ఈ కిటుకుతోనే. వేలిముద్ర కలిస్తే పియానో సిద్ధమవుతుంది. పాట సాగుతున్నంతసేపూ సీడీ సెకనుకు 75 సార్లు తన సమయం చెబుతుంది, పియానో ఆ లెక్కకు వాయిస్తుంది. మెట్టు కదిలి తీగను తాకడానికి కొంత సమయం పడుతుంది కనుక పాటనే కాస్త ఆపి వదులుతారు.

మృదంగ విద్వాంసుడు గాయకుడి ముఖం చూస్తాడు, ఊపిరి వింటాడు. ఈ యంత్రాలు చూసేది గడియారాన్నే. అదే ఆల్బమును మరోసారి అచ్చువేసినప్పుడు పాట అర సెకను అటూ ఇటూ మొదలైతే పియానోకు ఆ తేడా తెలియదు. ఇంట్లో కూర్చుని వింటున్న పిల్లాడు మాత్రం ఇట్టే పట్టేస్తాడు! అందుకే తర్వాత పాట మొదట్లోని శబ్దతరంగం ఆకారాన్నీ పోల్చి చూసుకునే పద్ధతులు వచ్చాయి.

2010 తర్వాత కొద్ది ఏళ్లలోనే మన హాళ్లలో రీలు దాదాపు మాయమైంది. బొమ్మా శబ్దమూ డిజిటల్ ఫైళ్లుగా కలిసే వస్తున్నాయి. ఆనాటి డీటీఎస్ సీడీ ఎక్కడైనా దొరికినా ఇంట్లోని ప్లేయర్‌లో పలకదు. అందులో ఉన్నది మామూలు పాట కాదు, తన రీలు కోసం ఎదురుచూసే సంకేతాలు. సీడీ పోయిన పియానో ఫ్లాపీ సంగతీ అంతే. అది ఇప్పటికీ పక్కవాద్యం వాయించగలదు... పాడేవారే ఉండరు.