నీలి సీసాలో ఉన్నదెంత? మన చర్మానికి కావలసిందెంత?

జగిత్యాలలో, కోరుట్లలో చాలా ఇళ్లలో మధ్యాహ్నం పూట కనిపించే దృశ్యమే ఇది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకు. తల్లి బీడీలు చుడుతుంటుంది. పక్కనే కూతురు ఫోన్‌ చూస్తుంటుంది. ఆ ఫోన్‌లో ఒక నీలం రంగు సీసా. ‘కాపర్‌ పెప్టైడ్‌ సీరం. ముడతలు మాయం, మచ్చలు మాయం, వయసు పదేళ్లు వెనక్కి’ అని ప్రకటన. ‘అమ్మా, నీ మొహానికి తెప్పించనా?’ అని కూతురు అడుగుతుంది. వందల నుంచి వేల రూపాయల దాకా ఉంటుంది దాని ధర. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలి ఎంతో ఆ తల్లికి తెలుసు.

ఆ కూతురి ప్రేమను తప్పుపట్టలేం. సీసాలో ఉన్నదంతా బూటకమనీ అనలేం. దాని వెనక నిజంగానే కొంత శాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం ఎక్కడి వరకు ఉంది, వ్యాపారం ఎక్కడ మొదలైంది అన్నది తెలుసుకుని డబ్బు తీయాలి. ఎందుకంటే ఇది మొహం మీది ముడతలతో ఆగడం లేదు. కాలి పుండుకు కూడా ఇదే రాయవచ్చేమో అనుకునే వరకు వచ్చింది.

మన రక్తంలోనే ఉంది

పెప్టైడ్‌ అంటే మాంసకృత్తుల్లోని చిన్న ముక్క. మూడు అమైనో ఆమ్లాలు దండలో పూసల్లా కలిస్తే ఏర్పడే ఒక పెప్టైడ్‌ మన రక్తంలో సహజంగానే ఉంటుంది. అది రాగిని గట్టిగా పట్టుకుంటుంది. రాగితో కలిసిన ఆ రూపాన్నే జీహెచ్‌కే-కాపర్‌ అంటారు. సీరానికి ఆ నీలం రంగు వచ్చేది రాగి వల్లే.

దీన్ని 1973లో లోరెన్‌ పికార్ట్‌ అనే అమెరికన్‌ శాస్త్రవేత్త గుర్తించారు. కణాలు రాగిని లోపలికి తీసుకోవడానికి ఇది తోడ్పడుతుండవచ్చని 1980లో ఆయన బృందం ప్రతిపాదించింది. 1988లో ఫ్రాన్స్‌ పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన చర్మ కణాలకు దీన్ని ఇచ్చి చూశారు. అవి కొల్లాజెన్‌ను ఎక్కువగా తయారు చేశాయి.

కొల్లాజెన్‌ అంటే చర్మానికి పడుగు లాంటిది. సిరిసిల్ల పాఠకులకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. పడుగు పోగులు బిగువుగా ఉంటేనే బట్ట నిలుస్తుంది. ఆ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైమ్‌ పనిచేయాలంటే రాగి కావాలి. వయసు పెరిగేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ ఈ పోగులు తెగుతాయి, కొత్తవి తక్కువగా తయారవుతాయి. చర్మం పలచబడి, ముడతలు పడి, సాగేది అందుకే. రాగిని అందించే పెప్టైడ్‌తో ఆ పోగులను బాగుచేయవచ్చన్న ఆలోచన అర్థంపర్థం లేనిది కాదు.

గాజు పాత్రలో గెలుపు వేరు, మొహం మీద గెలుపు వేరు

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రయోగశాలలో కణాల మీద మందును నేరుగా పోస్తారు. మన మొహం మీద అలా కుదరదు. చర్మం పైపొర ఉన్నదే బయటి వాటిని లోపలికి రానివ్వకుండా. నూనెలో కరిగేవి ఆ పొరను దాటినంత సులువుగా నీటిలో కరిగేవి దాటలేవు. కాపర్‌ పెప్టైడ్‌ నీటిలో కరిగే రకం. రాసినదాంట్లో లోపలికి చేరేది కొద్దిగానే.

మనుషుల మీద పరీక్షలు జరగలేదా అంటే, జరిగాయి. పన్నెండు వారాలు క్రీము వాడిన మహిళల్లో ముడతలు కొంత తగ్గాయని, చర్మం కొంత బిగువెక్కిందని ఫలితాలు వచ్చాయి. అయితే అవి తక్కువ మందితో, తక్కువ కాలం పాటు చేసినవి. ‘కొంత మేలు ఉండవచ్చు’ అనడానికి అవి చాలతాయి. ‘పదేళ్లు వెనక్కి’ అనడానికి చాలవు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. రాగి చెంబులో నీళ్లు తాగితే సరిపోదా అని. రాగి శరీరానికి అవసరమే కానీ రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు. నువ్వులు, పప్పులు, పల్లీలు, కాలేయం తినేవారికి అది తిండిలోనే అందుతుంది. చెంబులో నీళ్లు తాగినంత మాత్రాన ఈ పెప్టైడ్‌ చర్మంలోకి వెళ్లి ముడతలు తీయదు. పులుపుకు రాగి కరుగుతుంది కాబట్టి నిమ్మరసం, మజ్జిగ మాత్రం రాగి పాత్రల్లో నిల్వ ఉంచకండి.

మన చర్మం ఎక్కడ పాడవుతోంది?

సీసా కొనే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. మన ప్రాంతంలో చర్మాన్ని ముందుగా ముసలిది చేస్తున్నవి ప్రధానంగా మూడు.

మొదటిది ఎండ. పసుపు చేలో వంగి పనిచేసే చేతులు, మామిడి తోటలో కాయలు దింపే మెడ, దుబాయిలో, మస్కట్‌లో ఇరవై ఏళ్లు కట్టడాల మీద నిలబడ్డ మొహం. నలభై ఐదేళ్లకే అరవై కనిపించడానికి కారణం వయసు కాదు, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు. దీనికి విరుగుడు పరీక్షలో నెగ్గింది కూడా. ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు వయసున్న 903 మందిపై నాలుగున్నరేళ్లు అధ్యయనం చేశారు. రోజూ సన్‌స్క్రీన్‌ రాసినవారిలో చర్మం ముదిరే తీరు, ఇష్టమైనప్పుడు రాసుకున్నవారి కంటే 24 శాతం తక్కువగా ఉందని 2013లో ప్రకటించారు. సన్‌స్క్రీన్‌ కొనలేమనుకునేవారికి తలకు రుమాలు, నిండు చేతుల చొక్కా, గొడుగు ఉన్నాయి. పదకొండు నుంచి మూడు గంటల మధ్య నీడ పట్టున ఉండగలిగితే అది ఏ సీరం కన్నా మేలు.

రెండోది పొగ. బీడీ, సిగరెట్‌ పొగ చర్మానికి రక్తం చేరవేసే సన్నని నాళాలను కుదిస్తుంది, కొల్లాజెన్‌ను విరగ్గొడుతుంది. పెదాల చుట్టూ, కళ్ల పక్కన ముడతలు ముందే వస్తాయి. గాయాలు ఆలస్యంగా మానుతాయి. బీడీలు చుట్టేవారు తాగకపోయినా తంబాకు దుమ్ము చర్మానికి అంటుతుంది, నికోటిన్‌ చేతుల గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, అదే చేత్తో అన్నం ముద్ద పెట్టుకోకపోవడం, పసిపిల్లలను చాట దగ్గరికి రానివ్వకపోవడం పైసా ఖర్చు లేని రక్షణ.

మూడోది, అన్నింటికంటే బాధ కలిగించేది, స్టెరాయిడ్‌ క్రీములు. తెల్లబడటానికని, మంగు మచ్చలకని, దురదకని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాసేవారు మన ఊళ్లలో ఎందరో. మొదటి వారం మొహం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు వస్తాయి, వెంట్రుకలు పెరుగుతాయి, మానితే మంట. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. కాగితం మీద ఉన్న ఆ నియమం కౌంటర్‌ దగ్గరికి రాలేదు. ఒక చేత్తో కొల్లాజెన్‌ను కరిగించే క్రీము రాస్తూ, ఇంకో చేత్తో కొల్లాజెన్‌ పెంచుతుందన్న సీరం రాస్తే లాభమేముంటుంది?

మీరు ఇప్పటికే అలాంటి క్రీము వాడుతుంటే సిగ్గుపడకండి, ఒక్కసారిగా ఆపేయకండి. ట్యూబు చేతపట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెల్లగా మాన్పించే పద్ధతి ఉంది.

పుండు మీద ప్రయోగాలు వద్దు

అసలు భయపడాల్సిన చోటు ఇది. గల్ఫ్‌ నుంచి వచ్చిన తండ్రికి షుగరు ఉందనుకోండి. కాలి బొటనవేలు కింద చిన్న పుండు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. నొప్పి లేకపోవడమే ప్రమాదమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. షుగరు నరాలను మొద్దుబారుస్తుంది. చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలియదు. ఒకరు పసుపు అద్దమంటారు, ఇంకొకరు ఆకు పసరు పోయమంటారు. ఇప్పుడు ఫోన్‌లో చూసి కొడుకు కాపర్‌ పెప్టైడ్‌ తెప్పిస్తాడు, ‘గాయాలు మాన్పుతుంది’ అని రాసి ఉంది కనుక.

ఆ మాటకు ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. 1994లో షుగరు రోగుల పాదాల పుండ్లపై ఈ పెప్టైడ్‌ జెల్‌ను పరీక్షించి మేలు కనిపించిందని ప్రచురించారు. కానీ ఆ రోగులకు డాక్టర్లు చచ్చిన కండను తొలగించి, పుండును పద్ధతిగా శుభ్రం చేసి, దానికి తోడుగా జెల్‌ రాశారు. ముప్పై ఏళ్లు గడిచినా అది షుగరు పుండ్లకు ప్రామాణిక మందు కాలేదు. పైగా మొహానికి అమ్మే సీరం పుండు కోసం తయారైంది కాదు. అందులోని పరిమళాలు, ఇతర రసాయనాలు పచ్చి పుండుకు పడవు.

షుగరు పుండు మానాలంటే నాలుగు పనులు జరగాలి. షుగరు అదుపులోకి రావాలి. చచ్చిన కండ తీయాలి. ఆ చోట బరువు పడకుండా చూడాలి. కాలికి రక్తం సరిగా చేరుతోందో లేదో పరీక్షించాలి. ఈ నాలుగింటిలో ఒక్కటీ సీసాలో దొరకదు. రెండు వారాలు చూద్దామని ఆగితే వేలు పోవచ్చు, ఇంకా ఆగితే కాలు పోవచ్చు. కాబట్టి షుగరు ఉన్నవారికి కాలి మీద ఏ చిన్న పుండైనా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించండి. వాపు, ఎరుపు, చీము, దుర్వాసన, నలుపు, జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లండి.

సూది జోలికి పోవద్దు

ఈ మధ్య ఇంకో పోకడ వచ్చింది. కాపర్‌ పెప్టైడ్‌ను పొడి రూపంలో చిన్న సీసాల్లో తెప్పించుకుని, నీళ్లు కలిపి, పొట్ట చర్మం కింద సూదితో ఎక్కించుకోవడం. ఆ సీసాల మీద ‘పరిశోధన కోసం మాత్రమే’ అని ఉంటుంది. అంటే మనుషుల కోసం కాదని వాళ్లే చెబుతున్నారు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, సూదిగా ఇచ్చే జీహెచ్‌కే-కాపర్‌ను భద్రతపై సందేహాలున్న పదార్థాల జాబితాలో పెట్టింది. క్రీము పనిచేయకపోతే డబ్బు పోతుంది. శుద్ధి లేని సూది మందుతో ప్రాణం మీదికి రావచ్చు.

అయినా కొనాలనుకుంటే

వద్దని మేము శాసించడం లేదు. సన్‌స్క్రీన్‌, తేమనిచ్చే మామూలు క్రీము వాడుతూ, మిగులు డబ్బు ఉంటే వాడి చూడవచ్చు. తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా ఉన్నదే కొనండి. ముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడండి. విటమిన్‌-సి సీరంతో కలిపి ఒకేసారి రాయకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్‌ వ్యాధి ఉన్నవారు వాడకూడదు. మూడు నెలల్లో తేడా కనిపించకపోతే ఆపేయండి. ముడతలకు ఇంతకంటే గట్టి ఆధారాలున్న మందు ట్రెటినాయిన్‌. అది డాక్టరు చీటీతోనే వాడాలి, గర్భిణులు అసలు వాడరాదు.

ఇల్లు, సర్కారు చేయాల్సింది

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. చర్మానికి చికిత్స కోసం కరీంనగర్‌, హైదరాబాద్‌ పోవాల్సిన రోజులు మారాలి. ముప్పై ఏళ్లు దాటినవారికి పల్లె దవాఖానల్లో బీపీ, షుగరు పరీక్ష ఉచితం. దానితోపాటు పాదాలు చూడటం కూడా తప్పనిసరి చేయాలి. చెప్పులు విప్పించి అరికాలు చూడటానికి యంత్రాలు అక్కర్లేదు, ఒక నిమిషం చాలు. బీడీ చుట్టే మహిళల చేతులు, రాత్రింబవళ్లు సాంచాల దగ్గర నిలబడే కార్మికుల కాళ్లు ఏడాదికోసారైనా డాక్టరు కంట పడాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్‌ క్రీములు అమ్మే దుకాణాల మీద ఔషధ నియంత్రణ అధికారులు చర్య తీసుకోవాలి.

ఇక ఆ కూతురికి ఒక మాట. అమ్మ మొహం మీద నీకున్న శ్రద్ధ గొప్పది. ఆ సీసా డబ్బుతో ముందు ఒక సన్‌స్క్రీన్‌, ఒక మెత్తటి చెప్పుల జత కొను. నువ్వుల ఉండలు, పప్పు, గుడ్డు ఆమె పళ్లెంలోకి వచ్చేలా చూడు. షుగరు పరీక్షకు నువ్వే వెంట తీసుకెళ్లు. ఈ రాత్రి ఆమె కాళ్లు కడిగాక దీపం దగ్గర పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు ఒక్కసారి చూడు. నాన్నవి కూడా.