మందబుద్ధి యను మాట

ఉపాధ్యాయుల గదిలో మిక్కిలి సులభముగా వెలువడు మాట యొకటి కలదు. అది "మందబుద్ధి" యను మాట. ఎక్కములు రాని బాలునకును, నేడు చదివినది ఱేపటికి మఱచు బాలికకును ఆ పేరు పెట్టి, మా కర్తవ్యము తీఱినట్లు తలంచుచుందుము. మేమును ఇరువది యేండ్లుగా ఆ మాటను వాడినవారమే. దానిని మన పాఠశాల విడువవలయునని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

గత సంవత్సరము ఆఱవ తరగతిలోని యొక బాలికను గుఱించి మేము అట్లే పలికితిమి. ఆమె తఱచు బడి మానుచుండుటచే, కారణము విచారించుటకై యొక యుదయమున వారి యింటికి పోయితిమి. తల్లి తెల్లవాఱక మునుపే మిరపకాయల కోతకు వెడలిపోయెను. తండ్రి కూలికై దూరప్రాంతమున నుండెను. చూపు మందగించిన అవ్వ యొకతె వాకిట కూర్చుండియుండెను. ఆమె ప్రక్కను ఆ బాలిక తమ్ముడు, రెండేండ్లవాడు, చేత ఆటవస్తువేదియు లేక, మమ్ము చూచియు పలుకక, నవ్వక యుండెను. "వీడింకను మాటలాడుట లేదా?" యని యడిగితిమి. "వాడితో మాట్లాడటానికి ఇంట్లో ఎవరున్నారు మేష్టారూ?" అని అవ్వ బదులు చెప్పెను.

ఆ బదులు మా మనస్సున నాటుకొనెను. మఱి పదియేండ్లకు ఆ బాలుడు మా యెదుట బల్లపై కూర్చుండును. నాడు వానికి పెట్టుటకు మా యొద్ద పేరు సిద్ధముగానే యున్నది గదా! మొక్కై వంగనిది మానై వంగునా యని మనము పిల్లలను గద్దింతుము. ఆ మొక్కకు నీరు పోసినవా రెవరని మాత్ర మడుగము.

జననమునకు పిదప మొదటి కొలది యేండ్లలో మెదడు అతివేగముగా పెరుగును. అందలి కణముల నడుమ లెక్కకు మిక్కిలి సంబంధము లేర్పడును. వాడుకలోనున్నవి బలపడును, లేనివి సడలిపోవును. ఈ పెరుగుదలకు అన్నము కావలయును. ఇనుము, అయొడిను కావలయును. వానితోపాటు ముఖము చూచి పలుకరించు మనుష్యుడును కావలయును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, మన దేశమున ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన యెత్తు లేనివారు. ఆఱు నెలలు మొదలు ఐదేండ్ల వఱకు గలవారిలో నూటికి 67 మంది రక్తహీనులు.

ఇది పరదేశముల వార్త మాత్రమే కాదు. 2002లో ప్రారంభమైన "యంగ్ లైవ్స్" అను పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములలోను, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను కలిపి సుమారు 12,000 మంది పిల్లల బ్రతుకులను సంవత్సరముల తరబడి పరిశీలించెను. శైశవమున ఎదుగుదల కుంటుపడినవారు పదజాల పరీక్షలలో వెనుకబడుటయు, వారిలో పిదప కోలుకొన్నవారు, కోలుకొననివారికంటె మెఱుగుగా నుండుటయు అందు కానవచ్చెను. ఈక్వడారు దేశమునుండి 2007లో వెలువడిన మఱియొక పరిశోధనలో, కలిగిన యింటి బిడ్డలకును లేని యింటి బిడ్డలకును మూడేండ్లప్పుడు స్వల్పముగా నున్న భేదము, ఆఱేండ్లు వచ్చుసరికి ఎంతో పెరిగియుండెను. అనగా బిడ్డ మన గడప త్రొక్కకమునుపే పరీక్ష సగము జరిగిపోయినదన్నమాట.

అయినచో పేద తల్లిని నిందింపవలయునా? ఎంతమాత్రమును కాదు. తెల్లవాఱక వెడలి ప్రొద్దు గ్రుంకినపిదప వచ్చు తల్లికి కొఱవడినది ప్రేమ కాదు, తీఱిక. ఆ తీఱికలేమిని ఇతరులు కొంత పూరింపగలరని జమైకా దేశము చూపినది. కింగ్‌స్టన్ నగరమున 1986-87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది శిశువులను తీసికొనిరి. వారిలో కొందఱి యిండ్లకు ఆరోగ్య సహాయకురాండ్రు వారమున కొక గంట చొప్పున రెండేండ్లు పోయి, ఇంట పాఱవేయు వస్తువులతో చేసిన బొమ్మలనిచ్చి, బిడ్డతో ఎట్లు ఆడి మాటలాడవలయునో తల్లులకు చూపిరి. ఇరువది యేండ్లకు విచారింపగా, అట్లు పెరిగినవారి సంపాదన తక్కినవారికంటె నూటికి 25 వంతులు అధికముగా నుండెను. పాలపొడి మాత్రమే పొందినవారికి అట్టి దీర్ఘకాల ఫలము కానరాలేదు. అన్నము అక్కఱలేదని దీని యర్థము కాదు. అన్నముతో పాటు మాటయు కావలయునని యర్థము.

మన దేశమున 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల యేర్పాటు మొదలయ్యెను. అది గొప్ప కార్యము. కాని మూడేండ్లలోపు బిడ్డకు పిండి పొట్లము ఇల్లు చేరినంత సులభముగా ఆటపాటలు చేరుట లేదు. అచటి కార్యకర్తలకు వ్రాతపనుల భారము తగ్గించి, ఇండ్లకు పోవు తీఱిక కల్పింపవలయునని మా యభిప్రాయము.

శిక్షణ కళాశాలలో మేము బుద్ధి పరీక్షలను గుఱించి చదివితిమి. 1905లో పారిసు నగరమున అట్టి పరీక్షను కూర్చిన బినే పండితుని యుద్దేశము సహాయము కావలసిన పిల్లలను కనుగొనుటయే గాని, వారికి ముద్ర వేయుట కాదు. బుద్ధి మాఱరానిదను వాదమును ఆయన ఖండించెను. మేము పరీక్షను జ్ఞాపకముంచుకొని ఉద్దేశమును మఱచితిమి.

కావున సహోపాధ్యాయులారా, ఆ మాట పలుకబోవునప్పుడు ఒక్కసారి ఆ బిడ్డ యింటి వాకిలి చూచి రండు. ప్రియ విద్యార్థులారా, మీ యిండ్లలో చిన్న తమ్ములును చెల్లెండ్రును కలరు. దినమున కొక పావుగంట వారియెదుట కూర్చుండుడు. చింతపిక్కలు లెక్కించి చూపుడు. కాకిని, పిల్లిని పేరు చెప్పి పిలువుడు. వారి ముద్దుమాటలకు బదులు చెప్పుడు. ఈ పని బాలికలదే యని బాలురు తప్పించుకొనరాదు.

ఆ బాలికకు కూడ మేము ఇదియే చెప్పితిమి. ఆమెను ముందుబల్లకు మార్చితిమి. ఆ మాటను మరల పలుకలేదు. ఈ నడుమ ఆమె వచ్చి, "మా తమ్ముడు నన్ను అక్కా అని పిలిచాడండీ" యని చెప్పెను. ఆ సంవత్సరము మేము విన్న జవాబులన్నిటిలో అదియే యుత్తమమైనది.