కుర్చీకి వెల కట్టేదెవరు?

రాయపూరులో ఉండి చండీగఢ్ కుర్చీలను గురించి వాదమెందుకని మిత్రులు అడుగవచ్చును. మాదీ కొత్త రాజధానియే కనుక అని నా సమాధానం.

1947 విభజనలో లాహోరును కోల్పోయిన పంజాబుకు రాజధాని కావలసివచ్చినది. లె కార్బూజియే నగరానికి రూపకల్పన చేసినాడు. ఆయన జ్ఞాతి సోదరుడు పియెర్ జన్నరే 1951 నుండి 1965 వరకు అక్కడనే ఉండి పని నడిపించినాడు. 1896లో జెనీవాలో పుట్టి, పారిస్‌లో పేరు గడించిన ఈ వాస్తుశిల్పి గుమాస్తా కూర్చునే కుర్చీని చిన్నచూపు చూడలేదు. టేకు చట్రం, పేము అల్లిక, విప్పిన వృత్తలేఖిని వంటి కాళ్ళు: అంతే ఆ కుర్చీ. 1967లో ఆయన మరణించగా, చితాభస్మాన్ని 1970లో చండీగఢ్‌లోని సుఖనా సరస్సులో కలిపినారు.

మనిషిని అంతగా గౌరవించిన ఊరే కుర్చీని తుక్కు క్రింద వేలం వేసినది. విదేశీ వర్తకులు కొని, బాగుచేసి, పారిస్, లండన్ నగరాలలో లక్షల రూపాయలకు అమ్మినారు. కార్యాలయపు లెక్క కోసం వెనుక పూసిన అంకెలే అసలు సరకని రుజువైనవి! 2011లో ప్రభుత్వం అమ్మకాలను నిషేధించినది.

కార్యాలయం ప్రదర్శనశాల కాదు, విరిగినదానిని అమ్మక తప్పదు అంటారు. నిజమే. కాని పేము తెగినంత మాత్రాన కుర్చీ చచ్చిపోదు. తిరిగి అల్లే చేయి మన వీధిలోనే ఉన్నది. దానిని పిలువకపోవడమే మన తప్పు. ఇప్పటి మన పశ్చాత్తాపం కూడ కుర్చీ కోసం కాదు, దానిపై పడిన విదేశీ నామం కోసమే. ఆ సామగ్రి రూపకల్పనలో పాలుపంచుకొన్న యూలీ చౌధురి పేరు ఎందరికి తెలుసు? టేకు చెక్కిన వడ్రంగుల పేర్లు, పేము అల్లినవారి పేర్లు ఏ వేలంపాట పట్టికలోను కానరావు.

రాయపూరు 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయినది. చెంతనే నవ రాయపూరు లేచినది. బస్తరులో కొయ్య చెక్కేవారున్నారు. పల్లెలలో, మన మేదరుల వలె, వెదురు అల్లే బసోడులున్నారు. మన కచేరీలలో కూర్చునే కుర్చీ వారి చేతిమీదుగా రావాలి. విరిగితే వారి చేతికే వెళ్ళాలి. చేసినవారి పేరు దానిపై ఉండాలి. ఈపాటి మర్యాద నేడు చేయలేనివారికి, రేపు పరదేశంలో దాని వెల విని కన్నీరు కార్చే హక్కు లేదు.