లష్కరు వేఱుపాటు - ఆరోగ్యశాఖ

సికిందరాబాదునకు వేఱు నగరపాలక సంస్థ కావలెనను కోరిక లష్కరు వాసులలో మరల తలయెత్తినది. 2025 డిసెంబరులో పరిసరములందలి 27 పురపాలక సంస్థలను కలిపి హైదరాబాదు మహానగరమును విస్తరింపజేసిన నాటనుండియు, ఇంత పెద్ద సంస్థలో మన మొఱ ఆలకించువా రెవ్వరను శంక పలువురను పీడించుచున్నది. చేర్చినదే తడవుగా దానిని ముక్కలు చేయవలెనను వాదమును బయలుదేరినది.

ఈ కోరికను మేము తేలికగా త్రోసివేయము. 1806లో సికందర్ జాహ్ పేర వెలసిన ఈ పట్టణము బహుకాలము ఆంగ్లేయుల యధీనమునందుండి, 1945లో మరల నిజాము ప్రభుత్వమునకు వచ్చినది. 1950లో దీనికి ప్రత్యేకముగా కార్పొరేషను హోదా లభించినది. 1960లో హైదరాబాదు కార్పొరేషనులో విలీనమైనది. పదియేండ్లు తన బండిని తాను లాగుకొన్న ఊరునకు ఆ జ్ఞాపక ముండుట తప్పు కాదు. చిలకలగూడ వారికిని, వారాసిగూడ వారికిని తమ పన్ను తమ వీధికే తిరిగి రావలెనను కోరిక యుండుట సహజమే.

అయితే ఈ చర్చలో మేయరు పీఠమును గూర్చియు, పన్నుల రాబడిని గూర్చియు, భవనములను గూర్చియు వినుచున్నామే గాని, ఆరోగ్యశాఖను గూర్చి యొక్క మాటయు వినరాదు. దోమల నివారణము, జనన మరణముల నమోదు, ఆహారపదార్థముల తనిఖీ, శ్మశానముల నిర్వహణము - ఇవి నేడు రెండు పట్టణములకును ఉమ్మడిగా నడచుచున్న పనులు. అన్నదమ్ములు వేఱుపడునపుడు గిన్నెలు చెంబులు పంచుకొందురు. పెరటిబావికి నడుమ గోడ పెట్టి పంచుకొన్న వారిని మే మెఱుగము.

మన సీతాఫల్‌మండినే చూడుడు. ఇచ్చట కార్పొరేషను గల్లీలున్నవి. ప్రక్కనే రైల్వే క్వార్టర్సు. ఆవల విశ్వవిద్యాలయపు నేల తార్నాక వఱకు వ్యాపించినది. కొంత దూరము పోయినచో కంటోన్మెంటు బోర్డు ఎల్ల. ఇందఱు యజమానులు ఇప్పటికే యుండగా మఱియొక గీత గీయవలెనని కోరుచున్నాము. డెంగీ దోమ తాను పుట్టిన తొట్టినుండి సామాన్యముగా కొలది వందల గజములకు మించి పోజాలదు. ఆ కొలది వందల గజములలోనే మనకు రెండు మూడు ప్రభుత్వములున్నవి! ఒకరి డాబాపై నిలిచిన నీటిలో పుట్టినది మఱియొకరి బిడ్డను కుట్టును. అప్పుడు మందు చల్లవలసిన వా రెవ్వరు?

ఈ విషయమున లోకమునకు పాఠము చెప్పినది ఈ యూరే యను మాట మఱవదగినది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడు రోనాల్డు రాస్ బేగంపేటలో దోమ కడుపును కోసి చూచి మలేరియా సూక్ష్మజీవిని కనుగొనెను. హుస్సేన్‌ఖాన్ అను రోగి దోమకొక అణా చొప్పున పుచ్చుకొని తన రక్తమును వానికి త్రాగించెను. రాస్‌కు 1902లో నోబెలు బహుమతి వచ్చినది. హుస్సేన్‌ఖాన్‌కు ఆ అణాలే మిగిలినవి. రాస్ పనిచేసిన ఆ భవనము పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది.

దోమయే కాదు, నీరును అట్టిదే. కంటోన్మెంటు వైపు పికెట్ నాలా హుస్సేన్‌సాగరులో పడును; సాగరపు మిగులు నీరు నల్లకుంట మీదుగా మూసీలో కలియును. త్రాగునీటిని, మురుగును 1989లో ఏర్పడిన జలమండలి ఉమ్మడిగనే చూచుచున్నది; వేఱుపాటు కోరువారు సైతము దానిని చీల్చుమని కోరుట మేము వినలేదు.

ఇక రోగి సంగతి. వారాసిగూడలో ఒకనికి జ్వరము వచ్చి నల్లకుంట ఫీవరాసుపత్రికి పోయెననుకొందము. రక్తపరీక్షలో డెంగీ తేలినది. ఆ వార్త వెంటనే ఆతని వీధికి చేరి, చుట్టుప్రక్కల యిండ్లలో నీటితొట్లను పరిశీలించినగాని రెండవ రోగి పుట్టకుండ ఆపలేము. నేడు ఆసుపత్రి నుండి ఆ చీటీ ఒక శాఖకు పోవును. రేపు ఏ శాఖకు పోవలెనో విచారించుటకే నాలుగు దినములు పట్టెనా, దోమ మన విచారణ ముగియువఱకు వేచియుండునా?

ఢిల్లీ అనుభవము మన కన్నుల యెదుట నున్నది. 2012లో అచ్చటి కార్పొరేషనును మూడుగా విభజించిరి. దక్షిణ భాగమునకు రాబడి దక్కెను; తూర్పు, ఉత్తర భాగములకు కొఱత దక్కెను. జీతములు రాక పారిశుద్ధ్య కార్మికులు పలుమాఱులు సమ్మె కట్టగా చెత్త వీధుల కెక్కినది. 2015లో ఆ నగరమున పదునైదు వేలకు పైగా డెంగీ కేసులు నమోదైనవి. దానికి విభజన యొక్కటియే కారణమని మేమనము. వానలు, నిర్లక్ష్యము, పెరిగిన జనసమ్మర్దమును గలవు. కాని 2022 మే నెలలో ఆ మూటిని మరల ఒక్కటి చేయవలసి వచ్చినది.

అమెరికాలోని కొలరాడోలో ఆడమ్స్, అరపాహో, డగ్లస్ అను కౌంటీలకు 1948లో పుట్టిన ఉమ్మడి ఆరోగ్యశాఖ యొకటి యుండెను. కోవిడు కాలమున బడిపిల్లలు ముఖమునకు మాస్కు కట్టవలెనా యను తగవు ముదిరి 2021లో డగ్లస్ వేఱుపడెను. ఒకరు పోగానే తక్కినవారును తమ దారి చూచుకొనిరి. 2022 ముగియుసరికి శాఖయే లేకుండ పోయెను. ఏడు పదుల యేండ్లలో కూర్చిన పనివారిని, దస్త్రములను మూడు చోట్లకు పంచుకొనవలసి వచ్చినది.

ఉమ్మడిశాఖ నిర్దోషియని మే మనుట లేదు. జ్వరములు ముదిరిన పిమ్మట వచ్చి పొగబండి త్రిప్పి పోవుటయే దోమల నివారణమని జనులు తలచునట్లు చేసినది ఎవ్వరు? పొగ గాలిలో నెగురు దోమను చంపును. తొట్టిలోని పిల్లదోమను అది ముట్టనైన ముట్టదు. వార్డు మనిషి వార్డువారికి జవాబు చెప్పునట్టి యేర్పాటు లేకపోవుటవలననే వేఱుపాటు మాటకు బలము చేకూరినది. ఆ జవాబుదారీని తెచ్చుటకు పన్నును, వీధిదీపమును, చెత్తబండిని వేఱుచేసినను మాకు అభ్యంతరము లేదు. వ్యాధి నివారణమును మాత్రము ఒక్క మండలి క్రింద నుంచవలెను. అందు కార్పొరేషనుతోపాటు రైల్వే, విశ్వవిద్యాలయము, కంటోన్మెంటు బోర్డు ప్రతినిధులును కూర్చుండవలెను. వ్యయము జనసంఖ్యనుబట్టి పంచుకొనవలెను. వాటా చెల్లింపని వానినుండి ప్రభుత్వము తాను విడిచిపెట్టు నిధులలో మినహాయించుకొను అధికారము చట్టములోనే వ్రాయవలెను. మాటమీద నడచు ఉమ్మడి మొదటి లోటు బడ్జెటుతోనే తెగిపోవును.

మహజరుపై సంతకములకై ఇంటింటికి వచ్చువారిని మా పాఠకులు ఒక్క సంగతి అడుగవలెనని కోరుచున్నాము. నల్లకుంట ఆసుపత్రి చీటీ రేపు ఏ గుమాస్తా బల్లమీదికి వచ్చును? ఆ గుమాస్తాకు జీత మెవ్వ రిచ్చెదరు? జవాబు కాగితముపై చూపిన పిమ్మట కలము పట్టవచ్చును.