కేసు ఫైళ్ళు ఎక్కడ దాస్తున్నాం?

నేను మహిళా సంఘాలతో తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, అంటే 2000ల తొలి సంవత్సరాల్లో, ఏ సంస్థ ఆఫీసుకు వెళ్ళినా వెనక గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. అందులో కేసు ఫైళ్ళు: ఆడవాళ్ళు చెప్పుకున్న వాఙ్మూలాలు, ఎఫ్‌ఐఆర్ నకళ్ళు, ఆసుపత్రి కాగితాలు, కవర్లలో పెట్టిన గాయాల ఫోటోలు. తాళం చెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. ఆమె ఊరికి వెళ్తే ఎవరికిచ్చి వెళ్ళిందో కూడా తెలుసు. ఇప్పుడా బీరువాలు చాలా చోట్ల పాత బ్యానర్లకీ కరపత్రాల కట్టలకీ మిగిలాయి. ఫైళ్ళు సర్వర్‌లో ఉన్నాయంటున్నారు. సర్వర్ ఎక్కడుంది, ఎక్కించిన ఫైలు ఏ అరలో పడుతోంది, తాళం ఎవరి దగ్గరుంది అని అడిగితే ‘ఆ అబ్బాయికి తెలుసు’ అన్న జవాబు నాకు ఒకటికి నాలుగు చోట్ల వచ్చింది.

ఈ జవాబుతో నాకు తగాదా ఉంది. ఆ అబ్బాయితో కాదు. అతను మంచివాడే, చాలాసార్లు డబ్బు కూడా తీసుకోకుండా వచ్చి చేసిపెడతాడు. మన తీర్మానాల పుస్తకంలో టీ ఖర్చుకు పేజీ ఉంది. ఒక స్త్రీ మనల్ని నమ్మి ఇచ్చిన ఫోటో ఎక్కడ నిలవుండాలి, ఎంతకాలం ఉండాలి అన్నదానికి ఒక్క వాక్యం లేదు.

నిరుడు ఒక జిల్లా కేంద్రంలోని చిన్న సంస్థలో జరిగింది చెబుతాను. పేరు అనవసరం. ఆ సంస్థ కార్యవర్గంలో నేనూ ఉన్నాను గనక తప్పులో నాకూ వాటా ఉంది. మన దగ్గరికొచ్చే ఆడవాళ్ళ వివరాలు పెద్ద కంపెనీల చేతుల్లో పెట్టగూడదని, సొంత సర్వర్ ఉండాలని పట్టుబట్టినవాళ్ళలో నేనొకదాన్ని. నెక్స్ట్‌క్లౌడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2016లో జర్మనీలో మొదలైంది. దాని కోడ్ బాహాటమే, ఎవరి యంత్రం మీద వాళ్ళు పెట్టుకోవచ్చు. ఆఫీసులో ఒక కంప్యూటర్ మీద అది పెట్టించాం. ఊళ్ళలో తిరిగే కార్యకర్తలు ఫోన్ నుంచే ఫోటోలు, కాగితాలు అందులోకి ఎక్కించాలి. కేసుల సంగతి వాట్సాప్‌లో పెట్టగూడదని తీర్మానం కూడా చేసుకున్నాం.

ఒక రాత్రి పది గంటలకు ఒక కార్యకర్త, భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన స్త్రీ ఫోటోలు తీసింది. తెల్లవారేసరికి లాయరుకు కావాలి. ఎక్కించబోతే ఎక్కలేదు. ఏదో ఇంగ్లీషు వాక్యం, 413 అన్న అంకె. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే. ఇక చేసేది లేక సంస్థ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ఆ గ్రూపులో ముప్ఫై మందికి పైగా ఉన్నాం. ఒకామె ఫోను ఇంట్లో భర్త చేతిలో ఉంది. అతనికి ఆ స్త్రీ అత్తవారు తెలుసు. ఫోటోలో వెనక కనిపించిన గోడను బట్టి ఆమె ఎక్కడ తలదాచుకుందో కూడా మధ్యాహ్నానికల్లా వాళ్ళకు తెలిసిపోయింది. ఆ సాయంత్రమే ఆమెనూ పిల్లవాణ్ణీ మరో ఊరికి చేర్చాల్సి వచ్చింది.

కార్యవర్గ సమావేశంలో అందరం ఆ కార్యకర్తను నిలదీశాం. ‘రెండుసార్లు చేశాను మేడమ్, తీసుకోలేదు’ అందామె. ఎంత శిక్షణ ఇచ్చినా వీళ్ళు నేర్చుకోరని ఒకరన్నారు. (అన్నది నేనే.)

తీసుకోలేదన్నది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. నెక్స్ట్‌క్లౌడ్ ముందు ఎంజిన్‌ఎక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ కాపలాదారులా కూర్చుని ఉంటుంది. బయటి నుంచి వచ్చే ప్రతిదీ దాని గుండా పోవాలి. ఎవరూ మార్చకపోతే అది 1 మెగాబైట్ కంటే పెద్దదాన్ని గుమ్మం దాటనివ్వదు. 413 అంటే ‘ఇది మరీ పెద్దది’ అని అర్థం. దాన్ని దాటితే పీహెచ్‌పీ అనే ఇంకో గుమ్మం, అక్కడ మార్చకపోతే హద్దు 2 మెగాబైట్లు. ఇవాళ మామూలు ఫోనుతో తీసిన ఫోటోయే మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. మా కంప్యూటర్ మీద ఆ అంకెలను ఎవరూ ముట్టుకోలేదు. ప్రారంభించిన రోజు ఒక చిన్న ఉత్తరం ఎక్కించి చూసి, ఎక్కింది కదా అని చప్పట్లు కొట్టి టీలు తాగాం. (ఎంజిన్‌ఎక్స్‌లో ఆ హద్దుకు పెట్టిన పేరులో ‘బాడీ సైజ్’ అన్న మాట ఉంది. ఆడవాళ్ళ బాడీ సైజులకు హద్దులు పెట్టడం మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ బాడీ అంటే పంపే ఫైలు.) రెండు చోట్ల రెండు అంకెలు మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

నియమం పెట్టింది మేము. ఆ నియమం పాటించడానికి వీలు కల్పించాల్సిందీ మేమే. తిట్లు మాత్రం అయిదంకెల జీతం కూడా లేని కార్యకర్తకు. మన సంస్థల్లో పై మెట్టు మీద ఉన్న చదువుకున్న ఆడవాళ్ళకూ, కింద తిరిగే కార్యకర్తలకూ మధ్య ఉన్న దూరాన్ని గురించి వ్యాసాలు రాశాను. ఆ దూరం 1 మెగాబైట్ అన్న అంకెలో దాక్కుని ఉంటుందని నాకు తట్టలేదు.

ఆ అంకె కోసం వెతుకుతుంటే ఇంకో సంగతి బయటపడింది. ఎక్కించిన ఫైళ్ళు ఏ ఫోల్డర్‌లో పడాలో నెక్స్ట్‌క్లౌడ్‌ను పెట్టే రోజే చెప్పవచ్చు. చెప్పకపోతే అది తన ఫోల్డర్ లోపలే ‘డేటా’ అని ఒకటి చేసుకుంటుంది. అంటే వచ్చేపోయేవాళ్ళ కోసం తెరిచిన వీధి గదిలోనే బీరువా కూడా పెట్టినట్టు. దాన్ని వెలుపల, వెబ్ సర్వర్‌కు అందని చోట పెట్టమని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళే సలహా ఇస్తారు. అపాచీ అనే వెబ్ సర్వర్ అయితే ఆ ఫోల్డర్‌కు ఒక చిన్న ఫైలు అడ్డుగా నిలబడుతుంది. ఎంజిన్‌ఎక్స్ ఆ అడ్డు ఫైలును అసలు చదవదు, దాని నిషేధం విడిగా రాసుకోవాలి. రాయకపోతే ఫైలు చిరునామా ఊహించగలిగినవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే దాన్ని తెరవచ్చు. మా దాంట్లో ఆ నిషేధం రాసి ఉంది. ఎందుకుందో అబ్బాయికీ తెలియదు, ఎక్కడి నుంచో నకలు తీసుకున్న అమరికలో వచ్చింది.

అన్నీ సంకేతాక్షరాల్లోకి మార్చి దాస్తున్నాం కదా అని అబ్బాయి ధైర్యం చెప్పాడు. అతను చెప్పింది సర్వరే ఫైళ్ళను తాళం వేసి దాచే పద్ధతి. అందులో ఫైలు లోపలి విషయం మాత్రమే మారుతుంది. ఫైలు పేరు, ఫోల్డర్ పేరు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. మన కార్యకర్తలు ఫైళ్ళకు ఏం పేర్లు పెడుతున్నారో ఒకసారి చూడండి. మనిషి పేరు, ఊరి పేరు, జరిగిన ఘోరం, మూడూ ఒకే వరసలో. లోపల ఏముందో తెరవక్కర్లేదు. పైగా ఆ తాళం చెవులు కూడా అదే యంత్రం మీద ఉంటే, యంత్రాన్ని ఎత్తుకుపోయినవాడు చెవులతో సహా ఎత్తుకుపోయినట్టే. చెవులు పోగొట్టుకుంటే మాత్రం మనకే ఫైళ్ళు దక్కవు.

1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో అత్యాచారానికి గురైన స్త్రీ పేరు మనందరికీ తెలుసు, ఇక్కడ రాయను. విచారణ సంఘం ముందు పోలీసుల తరఫున ఆమె పెళ్ళిళ్ళ సంగతీ నడత సంగతీ తవ్విపోశారు. బాధితురాలి గుర్తింపు ప్రచురించడం నేరమన్న 228ఎ సెక్షన్ అప్పటికి లేదు, 1983లో వచ్చింది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టమూ ఫిర్యాదు వివరాలు బయటపెట్టగూడదంటుంది. ఈ చట్టాల కోసం కొట్లాడింది మనమే. ఆ గోప్యత ఇవాళ మన ఆఫీసులో ఏ ఫోల్డర్‌లో ఉందంటే మాత్రం పక్కవాళ్ళ ముఖం చూస్తున్నాం.

ఇంత బాధ ఎందుకు, అద్దె నిల్వలో పెట్టేద్దాం అని ఒక మిత్రురాలు అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఆఫీసు కంప్యూటర్ కాలిపోవచ్చు, దొంగలు పట్టుకుపోవచ్చు. నెక్స్ట్‌క్లౌడ్ మన దగ్గరే ఉంచి ఫైళ్ళను మాత్రం అమెజాన్ వంటివాళ్ళ నిల్వలో పెట్టే వీలూ ఉంది. అయితే అలా పెట్టినప్పుడు అక్కడ ఫైళ్ళు పేర్లతో ఉండవు, వరస అంకెలతో ఉంటాయి. ఏ అంకె ఏ ఫైలో మన డేటాబేస్‌కు మాత్రమే తెలుసు. డేటాబేస్‌కు నకలు లేకుండా పోగొట్టుకుంటే మిగిలేది పేర్లు లేని కాగితాల గుట్ట. ఇది మొదటి రోజే తేల్చుకోవాల్సిన నిర్ణయం, సగం దారిలో మారిస్తే పాత ఫైళ్ళు కనిపించకుండా పోతాయి.

‘సర్వర్ హైదరాబాదులోనే కదా’ అన్నది ఇంకో ఊరట. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన కేంద్రాలు తెరిచిన మాట నిజమే. కానీ 2018లో అమెరికా చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అక్కడి కంపెనీ చేతిలో ఉన్న సమాచారం ఏ దేశంలో ఉన్నా సరే, అక్కడి కోర్టు ఉత్తర్వు ఉంటే ఇవ్వాల్సిందే. అమెరికా ప్రభుత్వానికి మన జిల్లా కేసులతో ఏం పని అని నవ్వవచ్చు. నాకు దగ్గరి భయం వేరే ఉంది. నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఇక్కడి పోలీసులూ కోర్టులూ మన దగ్గరున్న రికార్డులు తెమ్మనవచ్చు. కక్షిదారు చెప్పిన మాటకు లాయరు దగ్గర ఉన్న రక్షణ మన కౌన్సిలర్ దగ్గర లేదు. సొంత బీరువా అయితే అడిగేవాళ్ళు మన గుమ్మానికే రావాలి, మనం లాయరును పిలుచుకోవచ్చు. అద్దె బీరువా అయితే అడిగిన సంగతి మనకు తెలియకపోవచ్చు. అందుకే ఇప్పటికీ నేను సొంత సర్వర్ పక్షమే, బాధ్యత తెలిసి పెట్టుకుంటే.

సమన్లు వచ్చాక చెరిపేయడం నేరం. ఏది ఎంతకాలం ఉంచాలన్న నియమం ముందే ఉండాలి. ఇక్కడ ఇంకో చిక్కు. రాజీ కుదిరాక తన ఫోటోలు తీసేయమని ఒకామె అడిగింది. తీసేశామని చెప్పాం. నెక్స్ట్‌క్లౌడ్‌లో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి పోతుంది. ముప్ఫై రోజులుంచి ఆ తర్వాత, అదీ చోటు చాలకపోతేనే, చెరిపేయడం దాని అలవాటు. చోటుంటే ఉంచేస్తుంది. మా దాంట్లో చోటుకు కొదవ లేదు. ఏడు నెలల తర్వాత చూస్తే ఆమె ముఖం అందులోనే ఉంది. ఆమెకు మేం చెప్పింది అబద్ధమైంది.

ఇప్పుడు డేటా ఫోల్డర్ వెలుపలికి మారింది. చెత్తబుట్ట ముప్ఫై రోజులకు తప్పనిసరిగా ఖాళీ అవుతుంది. ఫైళ్ళకు కేసు నెంబరే పేరు. బయటివాళ్ళకు పంపే లింకులకు పాస్‌వర్డూ గడువు తేదీ తప్పనిసరి. ఫైళ్ళూ డేటాబేసూ అమరికలూ మూడింటి నకలు తాళం వేసిన హార్డ్‌డిస్క్‌లో, ఇద్దరు స్త్రీల పేరిట ఉన్న బ్యాంకు లాకరులో ఉంది. ఆ హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ మూడో మనిషి ఎవరి దగ్గరుండాలన్నది తేలలేదు, వచ్చే కార్యవర్గ సమావేశంలో మళ్ళీ పెడతాం.

ఆ కార్యకర్తకు క్షమాపణ చెప్పాను. ‘సరేలే మేడమ్’ అంది. నెలకోసారి పరీక్షించే పని ఆమే అడిగి తీసుకుంది. ఆఫీసులో కూర్చుని చేస్తే లాభం లేదని, సిగ్నల్ సరిగా అందని ఊరి నుంచి చేస్తోంది. పోయిన నెల 12 మెగాబైట్ల ఎఫ్‌ఐఆర్ స్కాన్ సగంలో ఆగిపోయిందని రాసి పంపింది. ఎందుకో చూస్తున్నాం.